అద్దె గోడకు చెక్క దేవుడు

మీ ఇల్లు బర్ దుబాయ్‌లోనో, షార్జా అల్ నహ్దాలోనో, అబుదాబి పక్కన ముసఫ్ఫాలోనో ఉందనుకుందాం. హాల్లో టీవీ పక్కన తెల్లటి గోడ ఖాళీగా ఉంది. పోయిన సెలవుల్లో తిరుపతిలో చూసిన చెక్క వేంకటేశ్వరుడు ఇంకా కళ్లలో మెదులుతున్నాడు. ఈసారి వెళ్లినప్పుడు తెచ్చుకుందామని మీరూ ఆవిడా అనుకున్నారు. తెచ్చుకున్నారు కూడా. తర్వాత ఏమైంది?

నాకు తెలిసిన ఎన్నో ఇళ్లలో ఆ బొమ్మ ఇప్పుడు బీరువా వెనక ఉంది. దుప్పట్లో చుట్టి, గోడకు ఆనించి. కొందరికి కాంక్రీటులో మేకు దిగలేదు. కొందరు డిపాజిట్ పోతుందని భయపడ్డారు. ఇంకొందరి ఇంట్లో ఆరు నెలలకే స్వామి భుజం మీంచి నడుము దాకా చీలిక వచ్చింది. దేవుడి బొమ్మ చీలితే ఇంట్లో పెద్దవాళ్లు ఎంత దిగులు పడతారో మీకు చెప్పక్కర్లేదు.

నా మొదటి పలక కూడా ఇలాగే పాడైంది. జులైలో పిల్లలతో ఇండియా వెళుతూ ఏసీ ఆపేసి తాళం వేశాం. సెప్టెంబరులో తలుపు తీస్తే గజలక్ష్మి నేల మీద బోర్లా పడి ఉంది. గోడ మీద అంటించే పట్టీలు మాత్రం అలాగే మిగిలాయి. వేడికి జిగురు మెత్తబడి బరువు మోయలేకపోయింది. ఆ రోజు ఏనుగు తొండం విరిగిన చోటు చూస్తూ కూర్చున్నప్పుడు నాకొకటి అర్థమైంది. నేను బొమ్మను ఎంచుకున్నాను గానీ గోడను గురించి ఆలోచించలేదు, ఈ ఊరి గాలిని గురించి అసలే ఆలోచించలేదు.

అందుకే ఈ అధ్యాయంలో మీకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. పెద్దది వద్దు. చిన్నదే తెచ్చుకోండి, చేత్తో చెక్కిందే తెచ్చుకోండి, అది ఏ గోడ మీదికి వెళ్తుందో ముందే తేల్చుకుని తెచ్చుకోండి.

1. ఊరికి బయల్దేరే ముందు గోడను తట్టి చూడండి

వేలి కణుపుతో తట్టండి. రాయిని తట్టినట్టు గట్టిగా, చప్పుడు లేకుండా ఉంటే అది కాంక్రీటు. కాస్త బోలుగా మోగితే లోపల ఖాళీ గదులున్న సిమెంటు బ్లాకు. డప్పులా మోగితే జిప్సం బోర్డు, కొత్త టవర్లలో గదుల మధ్య గోడలు చాలావరకు ఇవే. మూడింటికీ వేర్వేరు మందు. కాంక్రీటుకు హ్యామర్ డ్రిల్లు కావాలి, ప్లగ్గు, స్క్రూ వేస్తే పదేళ్లు కదలదు. బోలు బ్లాకులో మామూలు ప్లగ్గు ఒక్కోసారి లోపలి ఖాళీలోకి జారిపోతుంది కాబట్టి పొడుగాటిది తీసుకోవాలి. జిప్సం బోర్డుకైతే లోపలున్న ఇనుప చట్రాన్ని వెతికి దాంట్లోకే స్క్రూ దించాలి, లేదా వెనక విచ్చుకునే బోల్టు వాడాలి.

స్విచ్చు బోర్డుకు సరిగ్గా పైనా కిందా డ్రిల్లు పెట్టకండి. కరెంటు గొట్టాలు ఎక్కువగా అక్కడే నిలువుగా పోతాయి. బాత్రూమును ఆనుకున్న గోడలోపల నీళ్ల పైపులుంటాయి.

ఇక అనుమతి. దుబాయ్‌లో 2007 నాటి 26వ నంబరు అద్దె చట్టం ప్రకారం యజమాని ఒప్పుకోకుండా ఇంట్లో మార్పులు చేయకూడదు, మామూలు వాడకంలో వచ్చే అరుగుదల పోను ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే తిరిగి అప్పగించాలి. మిగతా ఎమిరేట్లలో నిబంధనలు వేరు, మీ కాంట్రాక్టు తీసి చదవండి. రెండు స్క్రూ రంధ్రాలకు మామూలుగా ఎవరూ కాదనరు. కానీ నోటిమాటగా వద్దు. బిల్డింగ్ మేనేజ్‌మెంటుకు ఒక ఈమెయిలు పంపి జవాబు దాచుకోండి. డ్రిల్లు ఏ వేళల్లో కొట్టనిస్తారో బిల్డింగు కాపలాదారు నాతూర్‌ను అడిగితే చెప్తాడు, తరచుగా డ్రిల్లు కూడా ఆయన దగ్గరే దొరుకుతుంది.

బెడ్‌స్పేస్‌లో ఉండేవాళ్ల సంగతి? ఒక గదిలో నలుగురో ఆరుగురో, మీ వంతుకు వచ్చిన గోడ మంచం తలవైపు మూరెడు. అక్కడ మేకుల మాట వద్దు. అరచెయ్యంత చెక్క మూర్తి, వెనక చిన్న కాలు ఉన్నది, అల్మారాలో మీ అరలో నిలబడుతుంది. గదిలో వేరే మతాల వాళ్లు ఉంటే ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి. అగరుబత్తి మాత్రం వాళ్లందరూ ఒప్పుకుంటేనే.

2. కొలత ముందు, మోజు తర్వాత

హస్తకళల ఎంపోరియంలో నిలబడితే పెద్ద పలకే అందంగా కనిపిస్తుంది. అక్కడి కప్పు ఎత్తు, గోడ వెడల్పు అలాంటివి. మీ హాలు అంత ఉందా? పాత న్యూస్‌పేపరు తీసుకుని మూడడుగులకు రెండడుగులు కత్తిరించి గోడకు టేపుతో అంటించండి. నాలుగు రోజులు అలాగే ఉంచండి. నడిచేటప్పుడు భుజానికి తగులుతుందా? ఏసీ గాలి నేరుగా దానిమీదికే కొడుతుందా? కూర్చుని దణ్ణం పెట్టుకునేటప్పుడు స్వామి ముఖం కంటి ఎత్తులో ఉందా? ఈ కాగితం చెప్పినంత నిజం ఏ దుకాణదారుడూ చెప్పడు.

బరువు కూడా లెక్క వేసుకోండి. టేకు ఘనమీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, ఒకటిన్నర అంగుళాల మందమున్న దిమ్మ దాదాపు 14 కిలోలు. చెక్కగా పోయింది పోను కూడా పది కిలోల దాకా మిగులుతుంది. మీ లగేజీలో మూడో వంతు అదే. అమ్మ కట్టిచ్చిన ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి ఎక్కడ పెడతారు? అదే అడుగు పొడవు, తొమ్మిదంగుళాల వెడల్పు, అంగుళం మందం పలకైతే కిలో పైచిలుకు. చీర మడతల మధ్య పెట్టుకుని తెచ్చుకోవచ్చు.

3. ఎర్రచందనం జోలికి పోకండి

ఇది బతిమాలి చెప్తున్నాను. తిరుపతి అంటే మనకు ఎర్రచందనం బొమ్మలే గుర్తొస్తాయి. పెళ్లిళ్లలో ఇచ్చే జంట బొమ్మల నుంచి పూజగది మూర్తుల దాకా ఆ రంగు మీద మనకు తగని ప్రేమ. ఆ చెట్టు శేషాచలం, నల్లమల చుట్టుపక్కల కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు. 1995 నుంచి అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం సైటిస్ రెండో జాబితాలో ఉంది. ఇండియా నుంచి దాన్ని బయటికి పంపడం మీద కఠినమైన ఆంక్షలున్నాయి. దుకాణంలో బిల్లుతో కొన్నాం కదా, తప్పేముంది అనుకుంటారు.  విమానం ఎక్కించడానికి ఆ బిల్లు చాలదు. ఎయిర్‌పోర్టు కస్టమ్స్ దగ్గర పెట్టె తెరిపించుకుని, దేవుణ్ణి బల్లమీద పెట్టి సంజాయిషీ ఇచ్చుకునే పరిస్థితి మీకెందుకు?

రోజ్‌వుడ్, సిస్సూ కూడా అదే ఒప్పందం కిందికి వస్తాయి, పూర్తయిన చిన్న వస్తువులకు కొంత వెసులుబాటు ఉన్నా నిబంధనలు కనుక్కోకుండా కొనకండి. గంధపు చెక్క కూడా నిబంధనలు కనుక్కోకుండా కొనకండి. ఏనుగు దంతం పొదిగిన పాత వస్తువైతే ముట్టుకోనే వద్దు.

మరి ఏది కొనాలి? టేకు కొనండి. వేప కొనండి. చెక్క దేవుడంటే తక్కువని ఎవరైనా అంటే పూరీ జగన్నాథుణ్ణి తలుచుకోండి. దారుబ్రహ్మ అని పిలిచే ఆయన మూర్తి వేపచెట్టు మాను. కొన్నేళ్లకోసారి నవకళేబరమని కొత్త మానుతో మళ్లీ చేస్తారు, చివరిసారి 2015లో జరిగింది. మన తిరుమల వాహనాల నుంచి ఊరి రథాల దాకా ఎక్కడ చూసినా దేవుణ్ణి మోసింది చెక్కే.

టేకుకు ఈ గడ్డతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. దుబాయ్ అల్ ఫహీదీ పాత పేటలో, షిందగాలో పెద్ద ఇళ్ల తలుపుల మీద నగిషీలు చూశారా? ఆ తలుపుల టేకు, క్రీక్‌లో తిరిగిన పాత ధౌ పడవల టేకు ఎక్కువగా మన పడమటి తీరం నుంచే వచ్చింది. శతాబ్దానికి పైగా ఈ ఎండనీ ఉప్పుగాలినీ తట్టుకుని నిలిచిన చెక్క అది.

4. కన్ను తయారు చేసుకుని కొనండి

కొనే ముందు ఒక శనివారం అబుదాబిలోని అబూ మురీఖా వెళ్లిరండి. 2024 ఫిబ్రవరి 14న ప్రారంభమైన బాప్స్ మందిరం అక్కడే ఉంది. అది రాయి, చెక్క కాదు. అయినా ఉలి పని ఉలి పనే. రాజస్థాన్‌లో గులాబీ రాతిని చెక్కి, ముక్కలుగా ఓడల్లో తెచ్చి ఇక్కడ కూర్చారు. ఏడు ఎమిరేట్లకు గుర్తుగా ఏడు శిఖరాలు, వాటి కింద మన వేంకటేశ్వరుడు పద్మావతితో ఉన్నాడు, జగన్నాథుడూ ఉన్నాడు. స్తంభాల దగ్గర పది నిమిషాలు నిలబడి ఒకే ఒక బొమ్మను చూడండి. హారం మెడకు అతుక్కుపోయిందా, మెడ మీద వాలిందా? చేతివేళ్ల మధ్య నీడ పడుతోందా? అలా చూసి వచ్చిన కన్ను దుకాణంలో మోసపోదు.

దుకాణంలో ఇప్పుడు మూడు రకాలు కలిసి ఉంటాయి. చేత్తో చెక్కినవి, కంప్యూటరు నడిపే సీఎన్‌సీ మిషను కోసినవి, చెక్కపొట్టు జిగురు కలిపి అచ్చు పోసినవి. వేరు చేయడం కష్టమేమీ కాదు. వెనక్కి తిప్పండి. అసలు చెక్కకు ముందువైపు పోయిన గీతలు అంచు మీదుగా వెనక్కీ పోతాయి, పొట్టు అచ్చుకు గీతలే ఉండవు. తర్వాత వేలికొసను దండ కిందికి, చేతి కిందికి పోనివ్వండి. మామూలు మిషను సూది పైనుంచి నేరుగా దిగుతుంది, కిందికి తిరిగి తొలవలేదు. అందుకని దాని పనిలో దండ ఛాతీకి కరిచిపెట్టినట్టుంటుంది. ఉలి అడ్డంగా, వాలుగా, కింది నుంచి కూడా పోతుంది. చివరగా, రెండువైపులా ఉన్న దీపస్తంభాల్ని పోల్చి చూడండి. చేతిపనిలో రెండూ కవలల్లా ఉంటాయి గానీ ఒకదానికొకటి అచ్చు కావు.

మిషను పని పనికిరాదని నేననను. చుట్టూ ఉన్న జాలీ చట్రం మిషను కోస్తే పోయేదేం లేదు. ముఖం మాత్రం మనిషి చెక్కాలి. కనుబొమ్మ దగ్గర, పెదవి చివర చెయ్యి ఆగి ఆలోచించిన జాడ ఉండాలి. చిరునవ్వు అక్కడే పుడుతుంది.

ఎక్కడ దొరుకుతాయి? శ్రీకాళహస్తి వైపు, ఏర్పేడు మండలంలో మాధవమాల అనే ఊరుంది. అక్కడ ఎన్నో కుటుంబాలకు చెక్క శిల్పమే జీవనం. వీలుంటే తిరుపతి నుంచి నేరుగా ఆ ఊరికే వెళ్లండి. అరుగు మీద దిమ్మ, చుట్టూ పొట్టు, పక్కన పది రకాల ఉలులు, ఒక కొడతి. మీకు కావలసిన కొలత చెప్పి చేయించుకోవచ్చు. వెళ్లలేకపోతే ఆంధ్రలో లేపాక్షి, తెలంగాణలో గోల్కొండ ఎంపోరియాలున్నాయి. కొండపల్లి పొణికి చెక్క, ఏటికొప్పాక అంకుడు చెక్క బొమ్మలు కూడా ముచ్చటైనవే. కానీ అవి మెత్తటి, తేలికైన చెక్కతో చేసే బొమ్మలు, అరలో పెట్టుకోవడానికి బాగుంటాయి. గోడ పలకకు టేకే నయం.

అడగవలసిన ప్రశ్న ఒకటుంది, చాలామంది అడగరు. "ఈ చెక్క ఎన్నాళ్లు ఆరింది?" అంగుళం మందానికి నీడలో ఏడాది ఆరాలన్నది పాత లెక్క. శిల్పి ఈ ప్రశ్న వింటే సంతోషిస్తాడు. దళారి అయితే మాట మారుస్తాడు.

5. అద్దంలో పడ్డ దేవుణ్ణి కొనకండి

ఇదేమిటంటారా? కంప్యూటరులో బొమ్మ ఫైలు పొరపాటున తిరగబడితే మిషను అలాగే కోసేస్తుంది. ముస్తాబు బాగుంటుంది, కుడిఎడమలు తారుమారు. ఇంటికొచ్చాక ఏ మేనత్తో వచ్చి, "ఇదేంట్రా, స్వామి చక్రం అటు ఉందేంటి?" అంటుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

గుర్తులు కొన్ని మనసులో పెట్టుకోండి. వేంకటేశ్వరుడికి పై కుడిచేత చక్రం, పై ఎడమచేత శంఖం. అంటే మనవైపు నుంచి చూస్తే చక్రం ఎడమవైపు కనిపించాలి. కింది కుడిచెయ్యి పాదాలను చూపిస్తూ వరమిస్తుంది, ఎడమచెయ్యి తొడ దగ్గర ఆనుతుంది. నటరాజు ఎత్తింది ఎడమకాలు. కుడికాలి కింద అపస్మారుడు, కుడిచేత డమరుకం, ఎడమచేత అగ్ని. 

ఒక్కచోట మాత్రం తొందరపడి తప్పు పట్టకండి. భద్రాచల రాముడికి శంఖం కుడిచేత, చక్రం ఎడమచేత ఉంటాయి. అది శిల్పి పొరపాటు కాదు, ఆ క్షేత్రం ప్రత్యేకత.

కొలతలకు మన శిల్పులు తాళమానం వాడతారు. ముఖం పొడవే కొలబద్ద. విష్ణుమూర్తికి అలాంటివి పది, వినాయకుడికి ఐదు. దుకాణంలో బొటనవేలు, చూపుడువేలు చాపి స్వామి ముఖం కొలిచి, అదే కొలతతో పాదాల దాకా దిగండి. నిలబడ్డ స్వామి ఆరేడు కొలతల్లోనే అయిపోతే తల పెద్దదైపోయినట్టు. తిరుపతిలో టీటీడీ వారి శిల్ప కళాశాల 1960 నుంచి ఈ లెక్కలే నేర్పుతోంది, రాతితో పాటు చెక్కకూ.

6. తెచ్చిన వారం గోడ ఎక్కించకండి

ఈ తొందర వల్లే చీలికలు వస్తాయి. చెక్క ఎప్పుడూ చుట్టూ ఉన్న గాలితో తేమను ఇచ్చిపుచ్చుకుంటూ ఉంటుంది. గాలిలో తేమ 80 శాతముంటే చెక్కలో తేమ 16 శాతం దగ్గర నిలుస్తుంది. 50 శాతానికి దిగితే 9 దగ్గరికి వస్తుంది. వానాకాలంలో ఆంధ్రలో కొన్న పలకను ఏసీ గదిలోకి తెచ్చి విప్పారనుకోండి, పైపొర గబగబా ఆరి కుంచించుకుంటుంది, లోపలిది ఇంకా తడిగానే ఉంటుంది. ఆ లాగులాటలో చెక్క పగులుతుంది.

కాబట్టి చుట్టిన కవరు మూతి కొద్దిగా వదులు చేసి, ఏసీ గాలి తగలని గదిలో రెండు వారాలు పడుకోబెట్టండి. తర్వాత పూర్తిగా విప్పి ఇంకో వారం. ఆ మూడు వారాలూ దేవుణ్ణి కింద పెట్టామే అని బాధపడకండి. పీటమీద పెట్టి ఒక పువ్వు ఉంచండి.

7. గోడ ఎక్కించడం

రెండు కిలోల లోపు పలకకు రెండు స్క్రూలు చాలు. అంతకు మించితే ఒక పాత వడ్రంగి పద్ధతి చెప్తాను. ఒక చెక్క పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా కోయించండి. ఒక ముక్కను వాలు పైకి, గోడవైపు దిగేలా గోడకు బిగించండి. రెండోదాన్ని తలకిందులుగా పలక వెనక బిగించండి. పలకను పైనుంచి దించితే రెండు వాలులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. బరువు పట్టీ పొడవునా పంచుకుంటుంది, పండక్కి తీసి తుడవాలన్నా పైకి ఎత్తితే వచ్చేస్తుంది. పలక వెనక గాలి ఆడే సందు కూడా మిగులుతుంది. అల్ ఖూజ్ వైపు వడ్రంగి దుకాణాల్లో చెప్తే పది నిమిషాల్లో కోసిస్తారు.

ఎక్కడ పెట్టకూడదో కూడా చెప్పాలి. ఏసీ గ్రిల్లుకు ఎదురుగా వద్దు. మధ్యాహ్నపు ఎండ పడే కిటికీ ఎదుట వద్దు. వంటగది పొయ్యికి దగ్గర వద్దు. ఫ్లాటు బయట కారిడార్ గోడ మీ సొంతం కాదు, అందరిదీ. గుమ్మం లోపలివైపు మీ ఇష్టం. తూర్పో, ఉత్తరమో, ఈశాన్యమో కుదిరితే సంతోషం. కుదరకపోతే? అద్దె ఇంట్లో గోడ ఎక్కడుంటే దేవుడు అక్కడే. నాకైతే దిక్కు కన్నా శుభ్రమైన, నిశ్శబ్దమైన మూల ముఖ్యం.

దీపం పలకకు కింద నేరుగా పెట్టకండి, మూరెడు ముందుకు జరపండి. పాలిష్ మండే పదార్థం, పైన పొగ పడితే ముఖం నల్లబడుతుంది. కర్పూర హారతి ఇచ్చేటప్పుడు పైన స్మోక్ డిటెక్టర్ ఎక్కడుందో చూసుకోండి.

8. ఏడాది పొడవునా

మెత్తటి పెయింటు బ్రష్షుతో వారానికోసారి దులపండి, ఈ ఊరి సన్నటి ఇసుకదుమ్ము ముడతల్లో కూర్చుంటే పాలిష్‌ను గీకేస్తుంది. తడిగుడ్డ వద్దు. కొబ్బరినూనె అసలు వద్దు, జిడ్డుకు దుమ్ము పట్టి నల్లటి పొర కడుతుంది. ఏడాదికోసారి తేనెమైనం పాలిష్ పల్చగా రాస్తే చాలు. పసుపు, కుంకుమ చెక్కలోకి ఇంకితే పోవు. పాదాల ముందు చిన్న రాగి పళ్లెం పెట్టి అందులో సమర్పించండి.

పలక కింద నేల మీద గోధుమపిండి లాంటి పొడి కనిపించిందా? లోపల పురుగు ఉంది. కంగారు పడకండి. చిన్న పలకైతే రెండు ప్లాస్టిక్ కవర్లలో గాలి పోకుండా చుట్టి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, లేకపోతే తేమ పడుతుంది. మ్యూజియంలలో కూడా ఇలాగే చేస్తారు. చిన్నది కొనమని నేను పోరు పెట్టడానికి ఇదొక కారణం, మూడడుగుల పలకకు ఫ్రీజరు ఎక్కడ తెస్తారు?

సెలవులకు వెళ్లేటప్పుడు ఏసీని పూర్తిగా ఆపకండి, 27 మీద వదిలి వెళ్లండి. బిల్లు ఎక్కువవుతుందనిపిస్తే పలకను గోడ నుంచి దించి, నూలు చీరలో చుట్టి మంచం మీద పడుకోబెట్టి వెళ్లండి.

ఇంకో పని, కొన్నరోజే చేయవలసింది. పలక వెనక చెక్కినాయన పేరు, ఊరు, సంవత్సరం ఆయన చేతనే పెన్సిలుతో రాయించుకోండి. నా రెండో పలక వెనక అలాంటి రాత ఉంది. అది కొన్నప్పుడు ఆయన మొహమాటపడ్డాడు, "నా పేరెందుకు సార్, స్వామిది కదా" అన్నాడు. బతిమాలితే రాశాడు. ఇప్పటికి మూడు ఫ్లాట్లు మారాం, దించిన ప్రతిసారీ మా పిల్లలు ముందు ఆ పేరే చదువుతారు.

ఇల్లు మారే రోజు రంధ్రాల్లో ప్లగ్గులు పీకి, పుట్టీ నింపి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది తెల్లరంగు పూయండి. సాయంత్రానికి గోడ మీద జాడ కూడా ఉండదు. స్క్రూలు, గోడ పట్టీ ఒక కవర్లో వేసి పలక వెనకే టేపుతో అంటించండి. కొత్త ఇంట్లో డబ్బాలన్నీ విప్పేసరికి అవి కనపడకుండా పోతాయి.